ఎనభై సెకన్లు, పది తూటాలు

రైఫిల్ షూటింగ్ అనగానే తెలుగు పాఠకుడికి గుర్తొచ్చేది గగన్ నారంగ్. హైదరాబాద్‌లో పెరిగిన ఆయన 2012 లండన్ ఒలింపిక్స్‌లో 10 మీటర్ల ఎయిర్ రైఫిల్‌లో కాంస్యం గెలిచాడు. ఆ ఆటలో రైఫిల్ ఆటగాడి ఒంటికి అమరుతుంది. చెంప ఆనే చోటు, భుజానికి తగిలే చోటు, ట్రిగ్గర్ బరువు అన్నీ మరలు తిప్పి సరిచేసుకోవచ్చు. ఒక్కో గుండు చేత్తో పెట్టి ఒక్కోసారే కొడతారు. అమెరికాలో దీనికి పూర్తిగా వ్యతిరేక దిశలో నడిచే పోటీ ఒకటుంది. అక్కడ రైఫిల్ మీకోసం మారదు, సైనికుడి చేతికి ఎలా ఇచ్చారో అలాగే ఉండాలి. మారాల్సింది మీరే. ఆ రైఫిల్ పేరు ఎమ్1 గరాండ్.

జాన్ గరాండ్ 1888లో కెనడాలోని క్విబెక్‌లో పుట్టాడు. అమెరికా ప్రభుత్వ ఆయుధ కర్మాగారం స్ప్రింగ్‌ఫీల్డ్ ఆర్మరీలో పనిచేస్తూ ఈ రైఫిల్‌ను తయారుచేశాడు. 1936లో సైన్యం ఆమోదించింది. అప్పటికి చాలా దేశాల సైనికులు ప్రతి తూటాకూ బోల్టు చేత్తో వెనక్కి లాగి ముందుకు తోసేవారు. గరాండ్‌లో ఆ పని రైఫిలే చేసుకుంటుంది. తూటా పేలినప్పుడు పుట్టిన వాయువులో కొంత, బ్యారెల్ చివర ఉన్న చిన్న రంధ్రం గుండా కిందికి దిగి ఒక పొడవాటి ఇనుప కడ్డీని వెనక్కి నెడుతుంది. ఆ కడ్డీ బోల్టును తిప్పి తెరుస్తుంది, ఖాళీ తొడుగు బయటికి ఎగురుతుంది, స్ప్రింగ్ మళ్లీ అన్నింటినీ ముందుకు తోస్తూ కొత్త తూటాను గదిలోకి ఎక్కిస్తుంది. ట్రిగ్గర్ ఒకసారి నొక్కితే ఒక్క తూటాయే పేలుతుంది. సెమీ ఆటోమేటిక్ అంటే ఇంతే. 1957 వరకు అలాంటివి 50 లక్షలకు పైగా తయారయ్యాయి. తన పేటెంట్ హక్కుల్ని ప్రభుత్వానికే వదిలేసిన గరాండ్‌కు లక్ష డాలర్లు ఇవ్వాలని అమెరికా కాంగ్రెస్‌లో బిల్లు పెట్టారు కానీ అది నెగ్గలేదు.

యుద్ధంలో దాని కథ వేరే. ఇప్పుడది మైదానంలో ఎలా బతుకుతోందన్నదే నాకు ఆసక్తి. ఒహాయో రాష్ట్రంలో ఈరీ సరస్సు ఒడ్డున క్యాంప్ పెర్రీ అనే సైనిక స్థావరం ఉంది. 1903లో మొదలైన జాతీయ రైఫిల్ పోటీలు 1907లో అక్కడికి చేరాయి. సామాన్య పౌరుడికి గురి నేర్పాలన్నది ప్రభుత్వ ఉద్దేశం. అందుకే పోటీలతోపాటు 1918 నుంచి అక్కడే సైనిక శిక్షకులతో ఒక పాఠశాల కూడా నడిపారు. ఈ పని చూసిన ప్రభుత్వ విభాగమే 1996లో సివిలియన్ మార్క్స్‌మన్‌షిప్ ప్రోగ్రామ్ అనే స్వతంత్ర సంస్థగా మారింది. క్లుప్తంగా సీఎంపీ. డెన్మార్క్, గ్రీస్ వంటి దేశాలకు అమెరికా ఒకప్పుడు ఇచ్చి, తర్వాత వెనక్కి తీసుకున్న గరాండ్‌లను తనిఖీ చేసి పౌరులకు అమ్మేది ఈ సంస్థే. కొనాలంటే అమెరికా పౌరసత్వం ఉండాలి, అనుబంధ క్లబ్బులో సభ్యత్వం ఉండాలి. గ్రీన్‌కార్డు సరిపోదు. ఒహాయోలో ఉన్న మనవాళ్లలో చాలామంది ఈ గీతకు అవతలే ఉంటారు.

అమెరికాలో తుపాకీ అంటే మన ఇళ్లలో ముందు గుర్తొచ్చేవి దుర్వార్తలే. ఆ భయం అకారణమని నేననను. అయితే క్యాంప్ పెర్రీ వరుసలో క్రమశిక్షణ ఎంత కఠినమో తెలిస్తే ఆశ్చర్యం కలుగుతుంది. ఆజ్ఞ లేనిదే ఎవరూ తూటా ముట్టరు. గది ఖాళీగా ఉందని కంటికి కనిపించేలా రంగు ముక్క పెట్టిన తర్వాతే ఎవరైనా ముందుకు కదులుతారు.

పోటీ స్వరూపం తెలియకుండా రైఫిల్ విలువ కట్టలేం కాబట్టి అది ముందు చెప్పాలి. గరాండ్ పోటీ 200 గజాల దూరంలో, అంటే దాదాపు 183 మీటర్లలో జరుగుతుంది. మొదట బోర్లా పడుకుని అయిదు సరిచూపు గుళ్లు, వెంటనే లెక్కకు వచ్చే పది నిదానపు గుళ్లు. తర్వాత పడుకునే 80 సెకన్లలో పది. చివరగా నిలబడి పది నిమిషాల్లో పది. మొత్తం 300 పాయింట్లు. లక్ష్యంలో పది పాయింట్ల వలయం వ్యాసం ఏడు అంగుళాలు, దాని చుట్టూ ఉన్న నల్లటి గుండ్రం 13 అంగుళాలు. ఈ అంకెలు గుర్తుపెట్టుకోండి. ఏడు అంగుళాల వలయానికి అర అంగుళంలో అయిదు గుళ్లు గుదిగుచ్చే రైఫిల్ అవసరం లేదు. 200 గజాల్లో అయిదారు అంగుళాల్లోపు పదికి పది నిలబెట్టగలిగితే చాలు. అది మొదటి గుండైనా, వేడెక్కిన పదో గుండైనా ఒకే చోటికి పంపాలి.

కొనడానికి వచ్చినవాళ్లు సాధారణంగా ముందు చెక్క రంగు చూస్తారు, తర్వాత వరుస సంఖ్య చూసి ఏ సంవత్సరంలో పుట్టిందో లెక్కగడతారు. సేకరణ చేసేవాళ్లకు అది ముఖ్యమే. షూటర్‌కు దానితో పనిలేదు. దాదాపు ప్రతి గరాండూ ఏదో ఒక కాలంలో ఆయుధశాలకు తిరిగి వెళ్లింది, విప్పారు, దొరికిన భాగాలతో మళ్లీ కట్టారు. స్ప్రింగ్‌ఫీల్డ్ బోల్టు, వించెస్టర్ కంపెనీ ట్రిగ్గర్ ఒకే రైఫిల్‌లో ఉండటం మామూలు సంగతి. దానివల్ల గురి చెడదు.

చెడేది బ్యారెల్ వల్ల. దానికి రెండు గేజ్‌లున్నాయి. ఒకటి వెనుక గొంతు దగ్గర, తూటా నుంచి బుల్లెట్ విడిపోయి బ్యారెల్ లోపలి గాడుల్లోకి దూరే చోట, మంటకు లోహం ఎంత కరిగిపోయిందో చెబుతుంది. రెండోది మూతి దగ్గర ఎంత అరిగిందో చెబుతుంది. అంకె ఎంత చిన్నదైతే బ్యారెల్ అంత మెరుగు. రెండింట్లో మూతి అంకెకే నేను ఎక్కువ విలువిస్తాను. బుల్లెట్‌ను చివరగా వదిలేది మూతి, అక్కడ గుండ్రం ఒక పక్కకు ఒరిగితే బుల్లెట్ వదిలేటప్పుడే వంకరపోతుంది. పైగా గరాండ్ మూతి అరగడానికి కాల్పులే కారణం కాదు. ఈ రైఫిల్‌ను వెనుక నుంచి నేరుగా శుభ్రం చేయడం కుదరదు. మూతి నుంచే కడ్డీ దూర్చాలి. సైనికులు ఏళ్ల తరబడి ఇనుప కడ్డీలతో ఒరిపిడి చేస్తూ కాల్చిన దానికన్నా తుడిచినందుకే ఎక్కువ అరగదీశారు. కొన్నాక మీరు చేయాల్సిన మొదటి పని మూతికి కడ్డీ తగలకుండా అడ్డు ఉంచే చిన్న గైడ్ కొనుక్కోవడం. లోపల వెలుతురు వేసి చూస్తే కొన్నిసార్లు నల్లటి గుంటలు కనిపిస్తాయి. రెండో ప్రపంచ యుద్ధకాలపు తూటాల ప్రైమర్‌లో తుప్పు పుట్టించే ఉప్పు ఉండేది, కాల్చిన రోజే కడగకపోతే మిగిలే గుర్తులవి. చిన్నచిన్న గుంటలున్నా బాగా కాల్చే బ్యారెల్ ఉండొచ్చు. మూతి అరిగినదాన్ని మాత్రం ఏ ఆశతోనూ తీసుకోకండి.

తర్వాత చెక్క. బోల్టు కదిలే ఇనుప గూడు, అంటే రిసీవర్, పైనుంచి, ట్రిగ్గర్ భాగాల గుంపు కింది నుంచి చెక్కలోకి దిగి ఒకదాన్నొకటి పట్టుకుంటాయి. ట్రిగ్గర్ గార్డును మూసేటప్పుడు చివరి కొంత దూరం బొటనవేలికి నిజమైన ఒత్తిడి తగలాలి. తేలిగ్గా మూసుకుపోతే చెక్క లోపల నలిగిపోయిందని అర్థం. కామ వదులైన గొడ్డలిలా, దెబ్బ బలంగానే పడుతుంది కానీ ప్రతిసారీ ఒకే చోట పడదు. ప్రతి వారం విప్పి తుడిచే అలవాటు ఈ పట్టుకు మొదటి శత్రువు. అవసరం లేకుండా ఇనుమును చెక్క నుంచి తీయకూడదని పాత షూటర్లు చెప్పేది అందుకే. చెక్కకు లిన్‌సీడ్ లేదా టంగ్ నూనె చాలు.

ముందు గురిముల్లు బ్యారెల్ మీద ఉండదు, గ్యాస్ సిలిండర్ మీద ఉంటుంది. సిలిండర్ బ్యారెల్ పళ్ల మీద అటూ ఇటూ కదిలితే గురిముల్లూ కదిలినట్టే. చేత్తో పట్టుకుని ఊపి చూస్తే తెలిసిపోతుంది. ఈ ఒక్క పరీక్షకు పరికరం అక్కర్లేదు, అయినా చాలామంది చేయరు.

ట్రిగ్గర్‌కు రెండు మెట్లున్నాయి. మొదట కొంత దూరం తేలిగ్గా వస్తుంది, ఆ తర్వాత ఒక గోడ తగులుతుంది, దాన్ని దాటితే పేలుతుంది. నియమం ప్రకారం కనీసం 4.5 పౌండ్ల బరువు, అంటే దాదాపు 2 కిలోలు మోయాలి. బరువు ఎక్కువనిపించినా ఇబ్బంది లేదు, గోడ స్పష్టంగా ఉంటే చాలు. గోడ దగ్గర గరగరలాడితే, రెండోసారి వేరే చోట తగిలితే మాత్రం అది నిపుణుడి చేతికి వెళ్లాలి.

వెనుక గురికన్నంలో రెండు చక్రాలుంటాయి, ఒకటి ఎత్తుకు, ఒకటి పక్కకు. ఒక్కో క్లిక్‌కు 100 గజాల్లో సుమారు ఒక అంగుళం, 200లో రెండు అంగుళాలు జరుగుతుంది. తిప్పినప్పుడు క్లిక్ వినిపించాలి, పది తిప్పి పది వెనక్కి తిప్పితే మొదటి చోటికే రావాలి. ఈ గురి ఏర్పాటు గరాండ్ గొప్పతనాల్లో ముఖ్యమైనదని నా అభిప్రాయం. చిన్న రంధ్రంలోంచి చూసినప్పుడు గురిముల్లును మధ్యలో నిలపడం కంటికి అలవాటుగా వస్తుంది, మనసు పెట్టాల్సింది ముల్లు మీదే. ముల్లు కొస స్పష్టంగా, లక్ష్యం కాస్త మసకగా కనిపించాలి. కొత్తవాళ్లు సరిగ్గా దీనికి తిరగేసి చేస్తారు.

తూటాల విషయంలో ఒక హెచ్చరిక తప్పదు. గరాండ్‌కు పట్టే తూటా వేట రైఫిళ్లకూ పడుతుంది, అంగట్లో దొరుకుతుంది. కానీ బరువైన బుల్లెట్, నిదానంగా కాలే మందు ఉన్న వేట తూటాలు బ్యారెల్ చివరి రంధ్రం దగ్గర ఒత్తిడి పెంచి ఆ పొడవాటి కడ్డీని వంచేయగలవు. గరాండ్ కోసమే అని ప్రకటించిన, 150 గ్రెయిన్ల తరహా తూటాలే వాడాలి.

ఇక 80 సెకన్ల సంగతి. గరాండ్‌లో ఎనిమిది తూటాలు ఒక ఉక్కు క్లిప్‌లో ఉంటాయి, క్లిప్‌తో సహా పైనుంచి లోపలికి నొక్కుతారు. ఎనిమిదో తూటా అయ్యాక ఖాళీ క్లిప్ టింగుమని ఎగిరిపడుతుంది. పోటీలో పది కావాలి కాబట్టి ముందు రెండు తూటాల క్లిప్, తర్వాత ఎనిమిదిది. అంటే రెండో గుండుకే మళ్లీ నింపుకోవాలి. నొక్కిన బొటనవేలు సమయానికి తప్పించకపోతే బోల్టు దాని మీదికే వచ్చి పడుతుంది. గరాండ్ బొటనవేలు అని దానికో పేరే ఉంది. నింపడానికి పది సెకన్లు పోయినా ఒక్కో గుండుకు ఏడు సెకన్లు మిగులుతాయి. తొందరపడాల్సిన పనే లేదు.

ఈ నిదానం శరీరపు అమరిక నుంచి వస్తుంది. తోలు పట్టీని మోచేతికి పైభాగాన బిగించి, ఎడమ మోచేయి వీలైనంతగా రైఫిల్ కిందికి తెచ్చి పడుకుంటారు. తర్వాత కళ్లు మూసుకుని, ఒకటి రెండు ఊపిర్లు తీసి, తెరిచి చూస్తారు. ముల్లు ఎక్కడ ఉంటే అదే శరీరం సహజంగా చూపే చోటు. అది పక్క లక్ష్యం మీద ఉంటే చేతులతో లాగి సరిచేయకూడదు, నడుమును కాస్త జరపాలి. చేతులతో లాగిన గురి మొదటి గుండు వరకే నిలుస్తుంది, కుదుపు తగిలాక రైఫిల్ తన సహజ చోటికే పోతుంది. నడుముతో సరిచేసిన గురికి రైఫిల్ కుదుపు తర్వాత తనంతట తానే తిరిగొస్తుంది. ఇక మిగిలేది ఊపిరి, ట్రిగ్గర్. సెమీ ఆటోమేటిక్ అంటే గబగబా కాల్చడానికని అనుకునేవారు ఈ దశ చూడాలి. బోల్టు లాగే పని లేనందున అమరిక చెదరదు. ఆ సౌకర్యం వేగం కోసం కన్నా స్థిరత్వం కోసమే ఇక్కడ పనికొస్తుంది.

నిలబడి కాల్చే పదిలో రైఫిల్ చేయగలిగింది తక్కువ. నాలుగు కిలోలు దాటిన బరువు, ఆనుకోవడానికి ఏమీ లేదు. ఎక్కువ మంది పాయింట్లు పోయేది ఇక్కడే. పైగా సరస్సు గాలి. గంటకు 16 కిలోమీటర్ల పక్కగాలి 200 గజాల్లో బుల్లెట్‌ను దాదాపు మూడు అంగుళాలు పక్కకు నెడుతుంది.

ఈ సంప్రదాయంలో నాకు అన్నింటికన్నా నచ్చే భాగం రైఫిల్‌కు సంబంధించింది కాదు. ఒక బృందం కాలుస్తుంటే మరో బృందం లక్ష్యాల కింద కాంక్రీటు గోడ వెనుక గోతిలో ఉంటుంది. నిదానపు దశల్లో ప్రతి గుండుకూ లక్ష్యాన్ని కిందికి దించి, రంధ్రంలో గుర్తు పెట్టి, మళ్లీ పైకెత్తుతుంది. ఎదుటివాడు ఎలా కాల్చాడో వాళ్లే చూపించాలి, తర్వాత వీళ్లు కాల్చేటప్పుడు వాడు చూపించాలి. ఎలక్ట్రానిక్ లక్ష్యాలు వచ్చాక చాలా మైదానాల్లో ఈ పని పోయింది. సౌకర్యమే, కాదనను. కానీ గోతిలో గంటసేపు వేరేవాళ్ల గుళ్లు చూసినవాడికి గాలి గురించీ గురి గురించీ తెలిసేది తెర మీద చుక్క చూసినవాడికి తెలియదు.

మనదేశంలో పౌరుడికి ఇలాంటి రైఫిల్ దొరకడం దాదాపు అసాధ్యం, ఆయుధాల చట్టం అంత కఠినం. అమెరికాలో పౌరసత్వం వచ్చి, ఈ ఆటపై మనసు పడిన తెలుగువారు ఎవరైనా ఉంటే ఒక్క సలహా. ముందు ఏదైనా క్లబ్బులో అరువు రైఫిల్‌తో ఒక సీజన్ గడపండి. తర్వాత కొనేటప్పుడు మెరిసే చెక్క, సరిపోలిన సంఖ్యలు ఉన్నదాన్ని సేకరణదారులకు వదిలేయండి. మూతి అంకె చిన్నదిగా, చెక్క పట్టు గట్టిగా, సిలిండర్ కదలకుండా ఉన్న మొరటు రైఫిల్ తీసుకుని, మిగిలిన డబ్బు తూటాలకు పెట్టండి.