గీత ఏ పక్కన ఉంది?

పత్తి, మిరప చేలకు మందు కొట్టే రోజుల్లో పెదకాకాని చుట్టుపక్కల పొలాల్లో పొద్దున్నే వినపడేది తైవాన్ స్ప్రేయర్ రొద. ఈ స్ప్రేయర్లలో చాలావాటికి ఉండేది 25.6 సి.సి. టూ స్ట్రోక్ పెట్రోలు ఇంజను.  దీనికి ఆయిల్ నిలవుండే తొట్టి లేదు. పెట్రోల్లో కలిపిన ఆయిలే పిస్టన్‌నీ, బేరింగులనీ కాపాడాలి.  చల్లబరిచే రెక్కల మధ్య దుమ్ము పేరుకుంటే ఇంజను వేడెక్కుతుంది.

2021-22లో నల్ల తామర పురుగు మిరప మీద విరుచుకుపడినప్పుడు ఈ ఇంజన్లకు ఊపిరాడలేదు. అలాంటి అదనులో “సీజ్ అయింది, పిస్టన్ మార్చెయ్” అనడం సులువు. పిస్టన్ మారుతుంది గానీ దాన్ని తినేసిన కారణం లోపలే ఉండిపోతుంది. నాలుగు ట్యాంకులు కొట్టేలోపు కొత్త పిస్టనూ పోతుంది.

చేయి తిరిగిన మెకానిక్ ముందు స్పానర్ పట్టడు. “బాబాయ్, ఎట్టా ఆగింది? టక్కున ఆగిందా, నీరసపడి ఆగిందా?” అని అడుగుతాడు. టక్కున ఆగి స్టార్టర్ తాడు బిగుసుకుంటే సీజ్, అంటే పిస్టన్ పట్టేసినట్టు. రోజురోజుకీ తాడు తేలికవుతూ వచ్చిందంటే అరుగుదల. ఇంజనును విడిగా తీసి, తాడు పిడి పట్టుకుని వేలాడదీస్తారు. కంప్రెషన్ ఉంటే ఇంజను ఆగి ఆగి దిగుతుంది, లేకపోతే జర్రున జారుతుంది.

తర్వాత ప్లగ్గు. ఇటుక రంగులో ఉంటే మంచిదే. తెల్లగా మాడిందంటే పెట్రోలు తక్కువై, గాలి ఎక్కువై కాలుతోంది. ఆ తెలుపు మీద వెండి రవ్వల్లాంటివి అంటుకుని ఉంటే అది పిస్టన్ కరిగిన అల్యూమినియం. ఇక తాడు లాగి చూడాల్సిన పని లేదు.

అసలు విద్య సైలెన్సర్ విప్పాక బయటపడుతుంది. ఆ రంధ్రంలోంచి లైటు వేసి, పిస్టన్‌ను మెల్లగా పైకీ కిందికీ తిప్పుతూ గీతలు చూస్తారు. గీతలు సైలెన్సర్ వైపే ఉంటే వేడి దెబ్బ: రెక్కలు మూసుకుపోయాయి, లేదా ఎక్కడో దొంగగాలి పీలుస్తోంది. చుట్టూ గీతలుంటే ఆయిల్ కలపలేదు, లేదా చాలీచాలకుండా కలిపారు. 25:1 అని రాసి ఉన్న ఇంజనుకు లీటరు పెట్రోలుకు 40 మిల్లీలీటర్లు పడాలి. కూలికి మందు కొట్టేవాళ్ల హడావుడిలో ఆ కొలత ఒక్కోసారి కంటి అంచనాకు దిగుతుంది. గీతల్లేకుండా కార్బురేటర్ వైపు మాత్రం గరుకు కాగితంతో రుద్దినట్టు మసకబారిందంటే, దుమ్ము లోపలికి పోయింది. చిరిగిన ఫిల్టరుతో పని కానిచ్చేశారన్నమాట.

దొంగగాలిని పట్టడమే కష్టం. ఇంజను నిదానంగా తిరిగేటప్పుడు కార్బురేటర్ గ్యాస్కెట్ దగ్గర రెండు చుక్కల ఆయిల్ వేస్తారు. వేగం మారితే దారి అక్కడే. మారకపోతే క్రాంక్ ఆయిల్ సీళ్ల మీద అనుమానం. అవి పైకి కనపడవు, పైగా చవక సరుకు కాబట్టి చాలామంది పట్టించుకోరు. నా లెక్కలో రెండోసారి సీజైన ఇంజన్లలో ముందు చూడాల్సినవి అవే.

సిలిండర్ గోడ మీద గోరుతో గీసి చూస్తారు. గోరుకు ఉబ్బు తగిలితే అది అంటుకున్న అల్యూమినియమే, జాగ్రత్తగా తీస్తే గోడ బతుకుతుంది. గోరు గాడిలో పడితే సిలిండర్ మార్చాలి.

చివరికి కనెక్టింగ్ రాడ్‌ను నిలువుగా పైకీ కిందికీ ఆడిస్తారు. పక్కలకు కాస్త కదిలినా పర్వాలేదు, నిలువుగా ఏమాత్రం ఆడకూడదు. ఆడిందంటే క్రాంక్ పని కూడా ఉన్నట్టే. అప్పుడు ఖర్చు చెప్పి, “దీనిమీద పెట్టొద్దు బాబాయ్” అనేవాడే నమ్మదగిన మెకానిక్. కార్బురేటర్, కాయిల్, తాడు స్టార్టర్ విప్పి దాస్తాడు. వచ్చే సీజన్‌లో మరొకరి స్ప్రేయర్‌కు పనికొస్తాయి.