పాలరాతి తల మీద కాకి

ఎడ్గార్ అలెన్ పో రాసిన 'ద రేవెన్' కవితని ఎనిమిదేళ్లుగా ఎం.ఏ. విద్యార్థులకి చెప్తున్నాను. మొదటిసారి చదివినప్పుడు క్లాసులో ఎవరో ఒకరు కిసుక్కున నవ్వుతారు. అర్ధరాత్రి. చనిపోయిన ప్రియురాలి కోసం కుమిలిపోతున్న ఒక చదువుకున్న మగవాడు. కిటికీ తెరిస్తే లోపలికొచ్చి కూర్చున్న నల్లటి పక్షి. మనకేమో వాకిట్లో కాకి అరిస్తే చుట్టాలొస్తారు. రేవెన్ అంటే మన ఊరకాకి కాదనీ, బొంతకాకి కన్నా పెద్దదనీ చెప్పి ముందుకి వెళ్తాను. (నిఘంటువులో దీనికి దొరికే ఒక మాటలో కులం పేరుంది. ఆ మాట నేను వాడను.)

నా పిహెచ్.డి. కూడా పందొమ్మిదో శతాబ్దపు అమెరికన్ కవిత్వంలోని ప్రతీకల మీదే. అందులో ఈ ఒక్క కవితకే నలభై పేజీలు. తలుపు దేనికి ప్రతీక, నలుపు దేనికి, చివర్లో నేలమీద పడ్డ ఆ నీడ దేనికి అని విప్పుకుంటూ పోయాను. వైవాలో మెచ్చుకున్నారు కూడా. ఆ నలభై పేజీల్లో పో భార్య వర్జీనియా ఒకే ఒక్క ఫుట్‌నోట్‌లో ఉంది. ఆ ఫుట్‌నోట్‌లోనూ తప్పు రాశాను. ఈ వ్యాసం దాని గురించి.

'ద రేవెన్' 1845 జనవరి 29న న్యూయార్క్ 'ఈవెనింగ్ మిర్రర్'లో వచ్చింది. మరుసటి ఏడాది ఏప్రిల్‌లో 'గ్రాహమ్స్ మ్యాగజీన్'లో పో ఒక వ్యాసం రాశాడు, 'ద ఫిలాసఫీ ఆఫ్ కాంపొజిషన్' అని. కవితని వడ్రంగి బల్ల చేసినట్టు ఎలా చేశాడో అందులో చెప్తాడు. సుమారు వంద పాదాలుండాలి, విషాదం పలకాలి, ఒకే మాట మళ్లీ మళ్లీ రావాలి. ఆ మాట అనడానికి ముందు చిలకని అనుకున్నాడట, తర్వాత రేవెన్‌కి మార్చాడట. ఇక వస్తువు. ప్రపంచంలో అన్నిటికన్నా కవితాత్మకమైన వస్తువు అందమైన స్త్రీ మరణమేనని తేల్చేస్తాడు. దాన్ని చెప్పడానికి తగిన నోరు ఆమెని పోగొట్టుకున్న ప్రేమికుడిదేనంటాడు. ఈ వ్యాసం సగం వేళాకోళమనే విమర్శకులున్నారు. కావచ్చు. కానీ ఎలిజబెత్ బ్రాన్‌ఫెన్ 1992లో 'ఓవర్ హర్ డెడ్ బాడీ'లో ఈ మాట మీద ఒక అధ్యాయమే రాసిందంటే, ఆ వేళాకోళం ఎంతదూరం వచ్చిందో చూడండి.

ఆ గదిలో ఆడవాళ్లెవరున్నారని ఒకసారి వెతకండి. లెనోర్ ఉంది, పేరు మాత్రమే. తలుపు పైన పల్లాస్ అథీనా ఉంది, పాలరాతి తల మాత్రమే. పక్షి వచ్చి ఆ తల మీదే కూర్చుంటుంది. ఎందుకలా పెట్టాడో పోనే చెప్పాడు: తెల్లరాయికీ నల్ల ఈకకీ తేడా కొట్టొచ్చినట్టు కనబడాలనీ, ప్రేమికుడి పాండిత్యానికి తగినట్టు ఉంటుందనీ. విద్యలకి అధిదేవత అయిన ఆడమనిషి తల, కాకికి పీట. నలభై పేజీలు రాసిన నాకు ఇది ఒక్క వాక్యానికి కూడా తట్టలేదు. అతను పక్షిని అడిగే ప్రశ్నలు కూడా చూడండి. నా బాధ తగ్గుతుందా? పరలోకంలో ఆమె నాకు దక్కుతుందా? జవాబు ఏమొస్తుందో తెలిసే అడుగుతాడు. లెనోర్‌కి ఏం ఇష్టమో, ఏ జబ్బుతో పోయిందో, చివరికి ఏమందో మనకి తెలీదు. అతనికి తెలుసా అన్నది కూడా అనుమానమే.

ఇది నాకు అమ్మ పోయాక గానీ తోచలేదు. రెండేళ్ల కిందట, పదో రోజు, గోదావరి రేవులో అన్నయ్య పిండం పెట్టాడు. ఆడవాళ్లం దూరంగా నిలబడ్డాం. కాకి ముట్టలేదు. గంట గడిచింది. "ఏదో కోరిక ఉండిపోయిందర్రా" అంది పెద్దత్తయ్య. ఇక ఒక్కొక్కరూ మొదలుపెట్టారు. నాన్నని బాగా చూసుకుంటాం. చెల్లి పెళ్లి చేస్తాం. ఇల్లు అమ్మం. పో కవితలో మగవాడు పక్షిని తన గురించి అడుగుతాడు, ఇక్కడ కనీసం పోయినామె గురించి అడుగుతున్నారు కదా అని నాలోని పరిశోధకురాలు ఆ ఎండలో కూడా తేడా రాసుకుంటోంది. తర్వాత గమనించాను, మేం చెప్పినవన్నీ మా కోరికలే. అమ్మకేం కావాలో మాలో ఎవరికీ తెలీదు. నాకూ తెలీదు. చివరికి అందరం పక్కకి తప్పుకున్నాక ఎప్పుడో ముట్టింది.

ఆ తర్వాత వర్జీనియా దగ్గరికి మళ్లీ వెళ్లాను. పోకి మేనత్త కూతురు. 1836లో పెళ్లి, ఆమెకి పదమూడు, అతనికి ఇరవై ఏడు. 1842 జనవరిలో పాట పాడుతుండగా నోట రక్తం పడింది. క్షయ. అంటే 'ద రేవెన్' అచ్చయ్యేనాటికే ఆమె మూడేళ్ల రోగి. అందమైన స్త్రీ మరణం గురించి ఆ వ్యాసం వచ్చేనాటికి ఇంట్లోనే దగ్గుతూ ఉంది. పో దుఃఖం అబద్ధమని నేననను. మూడేళ్లు నిండకుండానే తల్లిని పోగొట్టుకున్నవాడు. ఆమె వయసు ఇరవై నాలుగు. వర్జీనియా పోయిందీ ఇరవై నాలుగేళ్లకే. నా పేచీ అతని దుఃఖంతో కాదు, ఆ దుఃఖానికి ఒక్కడినే వారసుణ్ణి చేసిన ఏర్పాటుతో.

ఎందుకంటే ఆ చనిపోతున్న మనిషి కూడా ఒక కవిత రాసింది. 1846 ఫిబ్రవరి 14న, ఆ వ్యాసానికి రెండు నెలల ముందు, భర్తకి వాలెంటైన్‌గా. పదమూడు పాదాలు, మొదటి అక్షరాలు కలిపితే భర్త పూర్తి పేరు. (తన కవితలో కూడా మొదటి అక్షరాలన్నీ అతనివే అని రాయబోయి ఆగాను. అక్రాస్టిక్ ఆనాటి సరదా, అంతే. ప్రతీకల జబ్బు తొందరగా వదలదు.) అందులో ఆమె అడిగింది తక్కువే. ఒక చిన్న ఇల్లు. దానికో 'సైప్రస్ వైన్'. నలుగురి నోళ్లకీ దూరంగా బతకడం. ప్రేమ తన నీరసించిన ఊపిరితిత్తుల్ని నయం చేస్తుందన్న ఆశ.

నా ఫుట్‌నోట్‌లో ఇలా రాశాను: సైప్రస్ శ్మశానాల్లో పెంచే చెట్టు, శోకానికి ప్రతీక, కవయిత్రి తన మరణాన్ని ముందే ఊహించింది.

అమ్మ పెరటి గోడ మీద ఒక తీగ ఉండేది. ఈకల్లాంటి సన్నటి ఆకులు, నక్షత్రంలాంటి చిన్న ఎర్రపూలు. కాశీరత్నం. అన్నయ్య కూతురు స్కూల్ ప్రాజెక్టుకి దాని ఇంగ్లీషు పేరడిగితే వెతికాను. సైప్రస్ వైన్. సైప్రస్ చెట్టుకీ దీనికీ ఏ సంబంధమూ లేదు, ఆకుల పోలిక వల్ల వచ్చిన పేరు. మన పెరటి మొక్క అనుకుంటాం గానీ అమెరికా ఖండపు వేడి ప్రాంతాల నుంచి వచ్చింది. ఆమె ఇంటికి పూలతీగ కావాలని అడిగింది. నేను సమాధి కట్టాను.

ఆ ఏడాదే వాళ్లు ఫోర్డమ్‌లో చిన్న ఇంటికి మారారు. 1847 జనవరి 30న ఆమె అక్కడే పోయింది. ఆమెదేనని నిశ్చయంగా చెప్పగలిగే బొమ్మ ఒక్కటే ఉంది, చనిపోయాక కూర్చుని వేసింది.

ఎమిలీ డికిన్సన్ ఇదంతా తిరగేసింది. ఆమె ఈగ కవితలో మాట్లాడేది చనిపోయిన మనిషే. చుట్టూ ఉన్నవాళ్లు ఏదో మహత్తు కోసం ఊపిరి బిగబట్టి ఎదురుచూస్తుంటే ఒక ఈగ వస్తుంది. ఆ ఈగ కుళ్లుకి ప్రతీక అన్నారు, సైతాను అన్నారు. నాకైతే అది ఈగే. రేవెన్‌లా మాట్లాడదు, ఎవరినీ ఓదార్చదు, బెదిరించదు. రోగి పక్కన రాత్రుళ్లు విసనకర్రతో కూర్చున్నవాళ్లకి ఆ ఈగ తెలుసు. కవయిత్రి 1886లో పోయింది, ఆ కవిత 1896 దాకా అచ్చు కాలేదు. సిల్వియా ప్లాత్ తన చావుని తానే వేదికెక్కించుకుంది గానీ, 1963 తర్వాత పాఠకులు ఆమెనే ప్రతీకగా మార్చేశారు. అదో వేరే వ్యాసం.

ఇప్పుడు క్లాసులో 'ద రేవెన్' పక్కనే ఆ పదమూడు పాదాలు కూడా పెడుతున్నాను. "ఇది మంచి కవితేనా మేడమ్?" అని అడిగిందొక అమ్మాయి. కాదని ఒప్పుకున్నాను. 'ద రేవెన్'తో తూగదు, ఆ శబ్దం, ఆ కట్టుబడి ఇందులో లేవు. అయినా పక్కనే ఉంచాను.

నా సిద్ధాంత గ్రంథం మాత్రం లైబ్రరీలో అలాగే ఉంది. ఈమధ్య ఒక పరిశోధక విద్యార్థిని తన పేపర్లో నా ఫుట్‌నోట్‌ని ఉటంకించి, మరణసూచన గురించి నాలుగు పేరాలు రాసింది. చక్కగా రాసింది. ఆమెకి ఉత్తరం రాశాను. తప్పు నాదనీ, అది శ్మశానపు చెట్టు కాదనీ, మీ ఇంటి చుట్టుపక్కల గోడల మీద చూడమనీ, వానలు పడ్డాక పూస్తుందనీ.