అంచు చూస్తూ మూడు ఊళ్లు

వేసవి సెలవుల్లో పిల్లల్ని ఎటు తీసుకెళ్లమంటారని అడిగేవాళ్లకు నేను చెప్పేది హిందూపురం, పెనుకొండ, ధర్మవరం. మూడూ ఒకే రైలు దారిలో ఉన్నాయి. ఎండలు మండిపోతాయి నిజమే, పొద్దున్నే బయల్దేరితే సరి.

హిందూపురానికి లేపాక్షి పదిహేను కిలోమీటర్లు. వచ్చినవాళ్లు వేలాడే స్తంభం కింద తువ్వాలు దూర్చి లాగి, ఫొటో దిగి, నంది దగ్గరికి వెళ్లిపోతారు. తలెత్తి చూసేవాళ్లు తక్కువ. అచ్యుతదేవరాయల కాలంలో విరుపణ్ణ, వీరణ్ణ సోదరులు కట్టించిన ఆ గుడి సంపదంతా పైకప్పు మీది బొమ్మల్లోనే ఉంది. ఓ స్తంభానికి ఆనుకుని కూర్చోండి. మసక వెలుతురుకు కళ్లు అలవాటు పడ్డాక, దేవతల కంటే ముందు చెలికత్తెల చీరలు కనిపిస్తాయి. చారలు, గళ్లు, పువ్వులు, పక్కన మగవాళ్ల పొడుగాటి కుళ్లాయిలు. పిల్లలకు నోటుబుక్కు, పెన్సిలు ఇచ్చి నచ్చిన అంచు ఒకటి గీయమనండి. గీస్తేనే చూపు నిలుస్తుంది, ఈ మాట గట్టిగా చెబుతాను. పైన రంగు వెలిసినచోట లతామంటపం స్తంభాలు ఆదుకుంటాయి. వాటి నగిషీలు చీరల అంచుల్లోకి ఎన్నడో దిగాయి.

పెనుకొండలో గగన్ మహల్, బాబయ్య దర్గా, పార్శ్వనాథుడి బసది చూడాలి. 1565 యుద్ధంలో ఓడి, హంపీ వదిలిన తిరుమలరాయలు రాజధాని పెట్టుకున్నది ఇక్కడే. కొండ మాత్రం తెల్లవారుజామునే ఎక్కండి.

ధర్మవరంలో గుంటమగ్గం ముందు కూర్చుంటే పొద్దు తెలియదు. నేతగాడి కాళ్లు గుంటలో, కళ్లు పడుగు మీద. పోగు తెగితే మగ్గం ఆపి, తడి వేలితో రెండు కొసలూ కలిపి మెలేస్తాడు. ఆ ముడి ఎక్కడుందో మనకు కనబడదు. మరమగ్గం చీరను చేనేతని చెప్పి అమ్ముతుంటే నాకు కడుపు మండేది అందుకే. కొన్ని రకాలను చేతిమగ్గానికే కేటాయిస్తూ 1985లోనే చట్టం వచ్చింది. కొనేవాళ్లు అడగకపోతే చట్టం ఒక్కటే ఏం చేస్తుంది?

మా మనవరాలు లేపాక్షిలో గీసిన అంచును ధర్మవరంలో ఒక పెద్దాయనకు చూపించింది. ఆయన కాగితం వెలుగుకు పట్టి, "పువ్వు శానా పెద్దది పెట్టినావు పాపా, అట్టలు శానా పడతాయి" అన్నాడు. పువ్వులు నేసే జకార్డులో ఒక్కో పేకకు ఒక్కో అట్ట కావాలి మరి. పువ్వు ఎక్కడ తగ్గించాలో ఆయనే పెన్సిలు తీసుకుని గీసి చూపించాడు.