స్కానర్ కొనేముందు కౌంటీని చూడాలి

అమెరికాలో పోలీసు, అగ్నిమాపక దళాల మాటలు వినే రేడియో స్కానర్ ఎంపిక దుకాణంలో కాదు, కొనేవారు ఉండే కౌంటీలో మొదలవుతుంది. పక్కపక్క ఊళ్ల పోలీసులే వేర్వేరు పద్ధతుల్లో మాట్లాడుకుంటారు. ఒక ఊరి అగ్నిమాపక దళం ఇప్పటికీ 150 మెగాహెర్ట్జ్ పైన పాత అనలాగ్‌లోనే ఉంటే, పొరుగు నగరం 700, 800 మెగాహెర్ట్జ్ డిజిటల్ వ్యవస్థకు ఎప్పుడో మారిపోయి ఉంటుంది. డాలస్‌లో బావగారు మెచ్చుకున్న సెట్టు న్యూజెర్సీలోని ఎడిసన్‌లో మూగబోవచ్చు.

మొదట తేల్చుకోవలసింది ఎన్‌క్రిప్షన్, అంటే బయటివారికి అర్థం కాకుండా మాటలకు తాళం వేసే పద్ధతి, సంగతి. డెన్వర్ పోలీసులు 2019లో తమ ఛానళ్లకు తాళం వేశారు. న్యూయార్క్ నగర పోలీసులు 2023లో మొదలుపెట్టారు. కాలిఫోర్నియాలోని పాలో ఆల్టో 2021లో వేసిన తాళాన్ని 2022లో తీసేసింది గానీ అలాంటివి అరుదు. తాళం పడిన మాటలను బజారులో దొరికే ఏ స్కానరూ విప్పలేదు, ధర ఎంతైనా సరే. రేడియోరిఫరెన్స్ వెబ్‌సైట్ డేటాబేస్‌లో కౌంటీవారీ పట్టికలు ఉంటాయి. అందులో మోడ్ అనే గడిలో ఇంగ్లిషు ‘ఈ’ పెద్ద అక్షరంగా ఉంటే ఆ ఛానల్‌కు పూర్తిగా తాళం పడినట్టు, చిన్న అక్షరమైతే అప్పుడప్పుడు మాత్రమే. పోలీసుల వరసంతా పెద్ద అక్షరాలే కనిపిస్తే అక్కడితో ఆగడం మంచిది. అయితే చాలాచోట్ల అగ్నిమాపక, అంబులెన్స్ ఛానళ్లు ఇంకా తెరిచే ఉన్నాయి.

తర్వాతి ప్రశ్న ట్రంకింగ్. పాత పద్ధతిలో ఒక్కో విభాగానికి ఒక్కో ఫ్రీక్వెన్సీ ఉండేది. ట్రంకింగ్‌లో కొన్ని ఫ్రీక్వెన్సీలను అందరూ పంచుకుంటారు. ఆసుపత్రి ఓపీలో టోకెన్ పిలిచి ఫలానా గదికి పొమ్మన్నట్టు, కంట్రోల్ ఛానల్ ప్రతి బృందాన్నీ ఆ క్షణానికి ఖాళీగా ఉన్న ఫ్రీక్వెన్సీకి పంపుతుంది. ఆ పిలుపును చదవగలిగే స్కానరే సంభాషణను వెంబడించగలదు. అమెరికా ప్రజాభద్రతా సంస్థల్లో ఎక్కువగా వాడేది ప్రాజెక్ట్ 25 అనే డిజిటల్ ప్రమాణం. దాని రెండో దశలో ఒకే ఛానల్ మీద రెండు సంభాషణలు వంతులవారీగా నడుస్తాయి. మొదటి దశకే పరిమితమైన పాత సెట్లు వాటిని వినలేవు; అవి సెకండ్‌హ్యాండ్‌లో చవగ్గా దొరికేది అందుకే.

అసలు చిక్కు సైమల్‌కాస్ట్‌తో. నగరమంతా వినపడటానికి అనేక టవర్లు ఒకే ఫ్రీక్వెన్సీలో ఒకే మాటను ఒకేసారి పంపుతాయి. ఆ సిగ్నళ్లు స్కానర్‌కు లిప్తకాలం తేడాతో చేరి ఒకదాన్నొకటి చెరుపుకుంటాయి. మంట ఎక్కడో చెప్పే చిరునామాలో వీధి పేరు వినపడి, ఇంటి నంబరు గరగరలో కలిసిపోతుంది. సిగ్నల్ గీతలు మాత్రం నిండుగానే ఉంటాయి! యూనిడెన్ సంస్థ 2018లో ఎస్‌డీఎస్100, ఆ తర్వాత బల్లమీద పెట్టుకునే ఎస్‌డీఎస్200 తెచ్చింది ప్రధానంగా ఈ సమస్యకే. ధర ఆరు వందల డాలర్లు దాటుతుంది. సైమల్‌కాస్ట్ ఉన్న మహానగరంలో ఆ డబ్బు దండగ కాదు, లేని పల్లె కౌంటీలో అంత సెట్టు ఆడంబరమే. అనలాగ్ మాత్రమే ఉన్నచోట అదే సంస్థ బీసీ125ఏటీ సరిపోతుంది. విమానాలు, రైళ్లు, 162 మెగాహెర్ట్జ్ వాతావరణ ప్రసారాలు కూడా దాంట్లో వస్తాయి. టోర్నడోల భయం ఉన్న టెక్సస్‌లో ఈ చివరిదాన్ని చిన్నచూపు చూడరాదు.

కంప్యూటర్‌తో ఓపిక ఉన్నవారికి కంప్యూటర్‌కు తగిలించే చిన్న రిసీవర్ ఆర్‌టీఎల్-ఎస్‌డీఆర్ డాంగిల్, ఎస్‌డీఆర్‌ట్రంక్ సాఫ్ట్‌వేర్ చౌక మార్గం. ముప్ఫై నలభై డాలర్లలో పని జరుగుతుంది, సైమల్‌కాస్ట్‌నూ బాగానే తట్టుకుంటుంది. కానీ జేబులో వేసుకు తిరిగే వస్తువు కాదు. ఏ సెట్టుకైనా డబ్బాతో వచ్చిన పొట్టి యాంటెన్నా కంటే కిటికీ దగ్గర పెట్టిన మంచి యాంటెన్నా మేలు.

తాళం లేని పోలీసు, అగ్నిమాపక ప్రసారాలను వినడానికి 1986 నాటి ఫెడరల్ చట్టం అభ్యంతరం చెప్పదు. కారులో పెట్టుకోవడం మాత్రం వేరే విషయం. న్యూయార్క్ వంటి రాష్ట్రాల్లో అనుమతి లేకుండా పోలీసు ఫ్రీక్వెన్సీలు అందుకునే సెట్టు వాహనంలో ఉంటేనే నేరం. హామ్ (అమెచ్యూర్ రేడియో) లైసెన్సు ఉన్నవారికి మినహాయింపు ఉంది.

భారతదేశంలో ఇలాంటి వెసులుబాటు లేదు. లైసెన్సు లేని వైర్‌లెస్ పరికరం దగ్గర పెట్టుకోవడాన్నే 1933 నాటి చట్టం నేరంగా చూసింది. 2023 టెలికమ్యూనికేషన్ల చట్టం కూడా అనుమతి లేకుండా సందేశాలు చాటుగా అందుకోవడాన్ని శిక్షార్హం చేసింది. సెలవులకు హైదరాబాద్, విజయవాడ వచ్చేవారు స్కానర్‌ను అమెరికాలోని ఇంట్లోనే వదిలి రావాలి.