పని ఉన్న ఊళ్లోనే బొమ్మకు బతుకు

ఏటా ఎండాకాలంలో చదువులు ముగిసే వేళకు, బొమ్మలు నేర్చిన పిల్లలు వచ్చి ఒకటే అడుగుతారు. "సార్, హైదరాబాద్‌లో కిరాయి కడుతూ బొమ్మలు వెయ్యడం కుదరడం లేదు. ఏ ఊరికి పోవాలి?" మాసాబ్‌ట్యాంక్‌లోని ఫైన్ ఆర్ట్స్ యూనివర్సిటీలో చదివినా, గచ్చిబౌలి సెంట్రల్ యూనివర్సిటీలోని సరోజినీ నాయుడు స్కూల్లో చదివినా అందరి గోడూ ఒకటే. గది కిరాయి కోసం పగలంతా ఏదో డిజైన్ ఆఫీసులో ఉద్యోగం చెయ్యాలి. రాత్రి అలసిన కళ్లతో కాన్వాస్ ముందు కూర్చోవాలి. ఆ గదిలో కాన్వాస్ ఆనించడానికి ఒక గోడ కూడా మిగలదు. కొన్నాళ్లకు రంగుల డబ్బాలు మంచం కిందికి చేరతాయి. చేతిలో విద్య ఉండీ చోటు లేక, పొద్దు చాలక మానేసినవాళ్లను చాలామందిని చూశాను. అందుకే ఈ ప్రశ్నకు జవాబు చెప్పడం నా బాధ్యత అనుకుంటాను.

పడమటి వైపు రైలెక్కండి అని చెప్తాను. సికింద్రాబాద్ నుంచి వాడి దాకా నిజాం కాలంలో, 1874లో మొదలైన లైను అది. ఆ దారికీ కళాకారులకూ సంబంధం కొత్త కాదు. కడప జిల్లా సురభి గ్రామంలో 1885లో మొదలై, ఊరూరా తిరిగి నాటకాలాడిన సురభి కుటుంబాల్లో చాలామంది ఇళ్లు కట్టుకున్నది ఆ లైను పక్కనున్న శేరిలింగంపల్లిలోనే. అప్పుడది పట్నానికి అవతల. ఇప్పుడు దాని చుట్టూ ఐటీ కంపెనీల అద్దాల మేడలు. ఎంఎంటీఎస్ రైళ్లు చాలావరకు లింగంపల్లిలో ఆగిపోతాయి గానీ పట్నం ఆగలేదు, శంకర్‌పల్లి దాకా వెంచర్ల బోర్డులు పాతుకుంటూ పోయింది. చవకైన చోటు కావాలంటే ఇంకా ముందుకు పోవాలి. డెబ్బై కిలోమీటర్ల దూరంలో వికారాబాద్, నూరు దాటాక తాండూరు వస్తాయి. రెండూ 2016లో ఏర్పడిన వికారాబాద్ జిల్లాలోవే. కానీ వాటి తీరు వేరు. ఆ తేడా తెలిస్తే ఊరు ఎలా ఎంచుకోవాలో తెలుస్తుంది.

వికారాబాద్ అనగానే అనంతగిరి గుర్తొస్తుంది. మూసీ పుట్టిన కొండలు, అనంత పద్మనాభస్వామి గుడి, వానాకాలంలో మబ్బులు చెట్ల మధ్యకు దిగే దారి. క్షయ రోగులకు అక్కడ శానిటోరియం కట్టింది ఆ గాలిని నమ్మే. 'వికారాబాద్ కా హవా, లాఖ్ మరీజోంకా దవా' అని పాత హైదరాబాదీలు చెప్పుకునేవారు. పట్నం విడిచిపోవాలనుకునే చిత్రకారుడి మనసు ముందు ఇక్కడే ఆగుతుంది. నా మనసూ ఆగింది. ఎర్రమట్టి మీద తొలివానల పచ్చదనాన్ని నీటిరంగుల్లో పట్టుకోవాలని కూర్చుంటే పొద్దు గడిచిందే తెలియదు.

అయితే అందమైన చోటుకు ధర కట్టేదెవరో కూడా చూడాలి. అనంతగిరి చుట్టుపక్కల ఆ ధర శని, ఆదివారాల్లో కార్లలో వచ్చేవాళ్లను బట్టి పెరుగుతుంది. కోట్‌పల్లి ప్రాజెక్టులో పడవలు, కొండ చుట్టూ రిసార్టులు, గుంటల లెక్కన అమ్మే ఫామ్ ప్లాట్లు వచ్చాక, పట్నం కుటుంబం రెండు రాత్రులకు ఇచ్చిపోయే డబ్బుతో నెలంతా ఉండే చిత్రకారుడు పోటీ పడలేడు. వికారాబాద్ పట్టణం సంగతి వేరు. స్టేషన్ దగ్గరి పాత వీధుల్లో అందుబాటు కిరాయికి ఇళ్లుంటాయి. జంక్షన్ కాబట్టి రైళ్లకు కొదవ లేదు. గుంటూరు నుంచి బయల్దేరే పల్నాడు ఎక్స్‌ప్రెస్‌కు అదే ఆఖరి స్టేషన్. వారంలో కొన్ని రోజులు హైదరాబాద్ వెళ్లి పాఠాలు చెప్పుకోవలసినవాళ్లకు అది సరైన ఊరే. కానీ కిటికీలోంచి కొండ కనిపించాలని ఇల్లు తీసుకుంటే ఆ కిరాయి నిలకడగా ఉండదు.

తాండూరులో కిరాయిని నిర్ణయించేది కూలి. అక్కడ రెండు గదులు వేసిన యజమాని లారీ డ్రైవర్‌కో, పాలిష్ మిషన్ నడిపేవాడికో, సిమెంటు ఫ్యాక్టరీ కార్మికుడికో, దాల్‌మిల్లు గుమస్తాకో ఇవ్వడానికి వేశాడు. వాళ్లు ఇవ్వగలిగినదాన్ని మించి అడిగితే గదులు ఖాళీగా ఉంటాయి. కొత్త చిత్రకారుడి రాబడీ ఇంచుమించు వాళ్ల రాబడి లాంటిదే. కాబట్టి ఆ ఊళ్లో అతను నిలబడగలడు. కొత్త ఊరికి పోయినప్పుడు కిరాయి ఎంతో అడిగి ఊరుకోకండి, ఆ కిరాయి ఎవరి సంపాదన చూసి పెట్టారో కూడా అడగండి అని పిల్లలకు చెప్పేది ఇందుకే. సందర్శకుల జేబు చూసి పెట్టిన కిరాయి ఏటికేడు ఎగబాకుతుంది. కార్మికుడి జీతం చూసి పెట్టిన కిరాయి అతనితో పాటే నిదానంగా నడుస్తుంది.

తాండూరును నేను ఇష్టపడడానికి కిరాయి ఒక్కటే కారణం కాదు. ఆ ఊళ్లో పని ఉంది. కోట్ల ఏళ్ల కిందట నీటి అడుగున పొరలు పొరలుగా పేరుకున్న సున్నపురాయి అక్కడి నేల కింద పరుచుకుని ఉంది. పొర చూసి ఉలి పెట్టి కొడితే పలకలాగా లేస్తుంది. నీలంగానో పసుపుగానో ఉండే ఆ నాపరాళ్లే మన ఇళ్లలో నేలకు పరుచుకున్నాం, అరుగులకు వేసుకున్నాం. బండ మీద ఉబ్బు చిత్రాలు చెక్కడం నేను ఇష్టంగా చేసే పని కాబట్టి ఈ రాయి గుణం కొంత తెలుసు. పొరల రాయి కాబట్టి నిలువెత్తు శిల్పానికి పనికిరాదు, పక్కలకు విచ్చుకుంటుంది. లోతు తక్కువ చెక్కడానికి, సన్నగా గీత గీయడానికి మాత్రం చేతికి బాగా లొంగుతుంది. పాలిష్ చేసిన బండ మీద చింతపులుసు పడితే మరక పడుతుందని ఇల్లు కడిగే ప్రతివాళ్లకూ తెలుసు. రాతిలోని సున్నాన్ని పులుపు తినేస్తుంది. ఆ గుణాన్నే వాడుకుని, పల్చటి ఆమ్లంతో బండ మీద గీతను లోతు చేయవచ్చు. అచ్చుచిత్రాలు నేర్చినవాళ్లకు ఈ పని కొత్తేమీ కాదు. ఇక పాలిష్ యూనిట్ల బయట గుట్టలుగా పోసిన ముక్కలున్నాయి. బూడిద రంగు, పసుపు, లేత ఆకుపచ్చ ఛాయల్లో, మొజాయిక్ చేసేవాళ్లకు రంగుల దుకాణం లాగా ఉంటాయి ఆ గుట్టలు.

రాయి కన్నా విలువైనది మనుషులు పని చేస్తుంటే చూడగలగడం. కొండను గీస్తే కొన్నాళ్లకు దాని ఆకారం చేతికి అలవాటైపోతుంది, చూడకుండానే గీసేస్తాం. క్వారీలో బండ లేపే మనిషి ఒంటిని అలా గీయలేం. మోకాలు ఎక్కడ ఆనుతుందో, దెబ్బ వేసే ముందు మణికట్టు ఎలా వదులవుతుందో, ఇద్దరు కలిసి పలక ఎత్తేటప్పుడు బరువు ఎవరి నడుము మీదికి ఒరుగుతుందో ప్రతిసారీ కొత్తగా చూడవలసిందే. కాలేజీలో మోడల్ కదలకుండా కూర్చుంటే నేర్చిన గీత, ఇక్కడ కదిలే ఒంటిని పట్టుకోవడం నేర్చుకుంటుంది. నా గీతలో ఏదైనా బలం ఉందంటే అది ఆ క్వారీ అంచున నేర్చుకున్నదే.

పని ఉన్న ఊళ్లో చేతిపని తెలిసినవాళ్లుంటారు. స్టాండు విరిగితే అతికించే వెల్డింగ్ షాపు సందు మలుపులోనే ఉంటుంది. బండ విరక్కుండా లారీలో సర్ది దూరదూరాలకు పంపేవాళ్లకు కాన్వాస్‌ను జాగ్రత్తగా కట్టడం పెద్ద పని కాదు. ముంబై వెళ్లే హుస్సేన్‌సాగర్ ఎక్స్‌ప్రెస్ తాండూరులో ఆగుతుంది. సరిహద్దు దాటితే సేడం, ఆ పైన కలబురగి. సినిమా పోస్టర్లకు, పురాణ చిత్రాల క్యాలెండర్లకు దేశమంతటా పేరు తెచ్చుకున్న ఎస్.ఎం. పండిత్ పుట్టింది ఆ కలబురగిలోనే. తాండూరు బజారులో తెలుగు, కన్నడ, ఉర్దూ ఒకే బేరంలో వినిపిస్తాయి. భావిగి భద్రేశ్వరస్వామి జాతరలో రథం కదిలే రోజున ఆ మూడు భాషల మనుషులూ ఒకే వీధిలో కనిపిస్తారు. ఆ చుట్టుపక్కల పండే కందులకు 2022లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. కంది చేను పూతకొచ్చిన రోజుల్లో ఆ పసుపును చూసినవాళ్లు రంగుల ట్యూబు మీద పేరు చూసి పసుపు ఎంచుకోరు.

చిన్న ఊళ్లో ఉంటే పెద్ద కళాకారుడు కాలేమన్న భయం పిల్లల్లో ఉంటుంది. మన చరిత్రే దానికి జవాబు చెప్తుంది. 1925లో సిద్దిపేటలో పుట్టిన కాపు రాజయ్య డ్రాయింగ్ మాస్టారుగా ఉద్యోగం చేస్తూ, నకాషీ పద్ధతిని ఆధారం చేసుకుని బోనాలను, బతుకమ్మను, పల్లె మనుషులను తనదైన రంగుల్లో వేశారు. సిద్దిపేటలోనే లలిత కళా సమితి పెట్టి తర్వాతి తరానికి చోటు చూపించారు. మెదక్ జిల్లా నిజాంపూర్‌లో పుట్టిన లక్ష్మాగౌడ్ బరోడాలో చదువుకున్నా, ఆయన ఎచింగుల నిండా ఉన్నది సొంత ఊరి మనుషులు, మేకలు, చెట్లే. అంతకు ముందే దామెర్ల రామారావు బొంబాయి జేజే స్కూల్లో చదివి రాజమండ్రికి తిరిగివచ్చి, 1925లో చిన్న వయసులోనే పోయేలోగా, అక్కడ ఒక చిత్రకళా పరంపరకు పునాది వేశారు. వీళ్లెవరూ ఊరిని చవక అని ఎంచుకోలేదు. ఊరిలో తమకు చెయ్యవలసిన పని కనిపించింది.

మన పొరుగున ఉన్న చోళమండలం సంగతి ఇంకా దగ్గరగా చూడాలి. 1966లో మద్రాసు ఆర్ట్ కాలేజీ ప్రిన్సిపాల్ కె.సి.ఎస్. పణిక్కర్, ఆయన శిష్యులు నగరానికి దక్షిణాన ఇంజంబాక్కం దగ్గర సముద్రపు ఒడ్డున ఒక కళాకారుల గ్రామం కట్టుకున్నారు. బాతిక్ లాంటి చేతిపనులు అమ్మిన డబ్బే దానికి ఊతం. పొద్దున తిండికి చేతిపని, సాయంత్రం మనసుకు నచ్చిన బొమ్మ. ఆ తర్వాత నగరం ఆ దారి వెంబడి పెరిగింది. ఈస్ట్‌కోస్ట్ రోడ్డులో స్థలం కొనడం ఈరోజు ఏ కొత్త చిత్రకారుడి తరమూ కాదు. అయినా ఆ గ్రామం నిలిచింది, ఎందుకంటే నేల వాళ్ల సొంతం. అమెరికాలో టెక్సాస్ ఎడారి పట్టణం మార్ఫాకు శిల్పి డొనాల్డ్ జడ్ 1970లలో న్యూయార్క్ విడిచి వెళ్లాడు. ఆయన పనితో ఆ ఊరికి పేరొచ్చింది, పేరుతో పాటు ఇళ్ల ధరలు పెరిగి అక్కడి పాతవాళ్లకే ఉండడం భారమైంది. కళాకారులు వెళ్లిన చోటికి వెనకే డబ్బు వస్తుంది. కాబట్టి ఒంటరిగా పోకండి, ముగ్గురు నలుగురు కలిసి పొండి. మొదట కిరాయికి ఉండండి. ఊరు మీకూ మీరు ఊరికీ సరిపడ్డారని తేలాక, ధర తక్కువగా ఉన్నప్పుడే అందరూ కలిసి కాస్త నేల కొనుక్కోండి.

కష్టాలు దాచి ఎవరినీ పంపకూడదు. తాండూరులో దుమ్ము ఉంది. పాలిష్ యూనిట్లకు, సిమెంటు లారీలు తిరిగే రోడ్లకు దూరంగా ఇల్లు చూసుకోవాలి. గాలి ఎటు వీస్తుందో కనుక్కోవాలి. రాయి చెక్కేటప్పుడు మాస్కు లేకుండా కూర్చోకూడదు. మండుటెండల్లో బోరు ఎంత ఇస్తుందో, వానాకాలంలో గోడ చెమ్మ ఎక్కుతుందో లేదో చూడకుండా అడ్వాన్సు ఇవ్వకూడదు. వీటన్నిటికన్నా గట్టి కష్టం గేటు దగ్గరే ఎదురవుతుంది. 'మీరెవరు?' అంటే పేరు అడుగుతున్నట్టు కాదు, కులం అడుగుతున్నట్టు. మతం చూసి, తినే తిండి చూసి, పెళ్లి అయిందా అని చూసి ఇల్లు లేదనేవాళ్లు నగరంలోనూ ఉన్నారు, చిన్న ఊళ్లోనూ ఉన్నారు. ఒంటరి ఆడపిల్ల చిత్రకారిణి అయితే రాత్రి వెలిగే దీపానికి కూడా జవాబు చెప్పుకోవాలి. ఆ అవమానం కూడా కిరాయిలో భాగమే, దాన్ని లెక్కలోకి తీసుకోకుండా ఏ ఊరినీ చవక అనకూడదు. ముందే అక్కడ నిలదొక్కుకున్న టీచర్లను, ఉద్యోగినులను అడిగి, వాళ్లు ఉంటున్న వీధిలోనే ఇల్లు చూసుకోవడం మేలు.

ఇటువైపు మన బాధ్యతా ఉంది. క్వారీ కార్మికుడు మన బొమ్మకు వస్తువు కావడానికి ముందు మన పొరుగువాడు. గీసే ముందు అడగాలి, గీశాక చూపించాలి, పని ఆపి నిలబడితే ఆ పూట కూలి ఇవ్వాలి. ఒకసారి నా కాగితం చూసి ఒక పెద్దాయన, "సుత్తె గట్ల పట్టుకుంటే వేలు పోతది సార్" అని నా గీతను సరిదిద్దాడు. ఏ విమర్శకుడూ నాకు అంత పనికొచ్చే మాట చెప్పలేదు.

టైల్స్ పోటీకి తట్టుకోలేక తాండూరులో కొన్ని పాలిష్ యూనిట్లు మూతపడ్డాయి. ఎత్తయిన రేకుల కప్పు, త్రీఫేజ్ కరెంటు, నీళ్ల తొట్టి, లారీ లోపలికి వచ్చే గేటు. శిల్పికి ఇంతకన్నా మంచి స్టూడియో హైదరాబాద్‌లో ఎంత పెట్టినా దొరకదు. ఆ షెడ్ల యజమానులకు ఈ కాలమ్ ద్వారా ఒక మనవి. ఖాళీగా ఉన్న ఒక షెడ్డును నామమాత్రపు కిరాయికి నలుగురు కుర్ర కళాకారులకు ఇవ్వండి. రాయి మీద కొత్త పని పుడితే దాని పేరుతో మీ రాయికీ పేరొస్తుంది. ఆ షెడ్డులో మొదటి ఏడాది ప్రతి ఆదివారం ఊరి పిల్లలకు ఉచితంగా బొమ్మలు నేర్పే బాధ్యత నాది.