సాహిత్యోత్సవమున చదువరి స్థానము

చదువుట ఏకాంతమున జరుగు పని. ఉత్సవమన్ననో జనసమ్మర్దము. ఈ రెంటిని కలుపబూనిన హైదరాబాదు సాహిత్యోత్సవమును మెచ్చువారును, నిందించువారును గూడ వేదికమీది ప్రముఖులనే చూచుచున్నారు గాని, క్రింద కూర్చుండిన చదువరిని చూచుట లేదు.

ఈ యుత్సవము 2010 సంవత్సరమున ప్రారంభమైనది. ప్రవేశమునకు రుసుము లేదు. ఇది సామాన్యగుణము కాదు. ఏటేట నొక పరదేశమును, ఒక భారతీయభాషను ప్రత్యేకముగా గౌరవించు నాచారము కలదు. 2024లో నార్వే దేశము, ఒడియా భాష. 2025లో లిథువేనియా దేశము, సింధీ భాష. తనదనదగిన రాష్ట్రమే లేని సింధీకి మన నగరమున పీఠము వేయుట ఉదారమైన కార్యము.

ఆ రెండేండ్లును సభలు రాయదుర్గము దాపున, సత్త్వ నాలెడ్జి సిటీ యను కార్యాలయ భవనములలో జరిగినవి. పీర్జాదిగూడయో వరంగల్లు మార్గమున, ఉప్పలునకు ఆవల నున్నది. అచ్చటి చదువరి ఉప్పలు చేరి, మెట్రో రైలెక్కి, నగరమున కడ్డముగా పడమటి కొసవఱకు పోవలెను. నాగోలు నుండి రాయదుర్గమునకు దారి సుమారు 27 కిలోమీటరులు. ఇంటిపని ముగించి బయలుదేరు గృహిణికి ఉదయపు సభ దక్కదు. చీకటిపడకమున్నె మరలవలెను గనుక కడపటి సభయు దక్కదు. నడుమ దక్కిన రెండు మూడు గంటలలో నామెకు లభించునదేమి?

ఇచ్చటనే నా యాక్షేపణము. గ్రంథకర్తతో సంభాషణము, గ్రంథమును చదివినవారికొఱకు గాక, చదువనివారికి దానిని పరిచయము చేయుటకే తఱచుగా సాగుచుండును. కథాసంగ్రహము, రచయిత బాల్యము, వ్రాయుటకు ప్రేరణము — ఇవి ముగియునప్పటికి కాలము ముగియును. మిగిలిన కొద్ది నిమిషములు ప్రశ్నలకు. ఆంగ్లముననే యడుగవలెనను నియమ మెవ్వరును పెట్టలేదు. కాని సభ యాంగ్లమున నడచినపుడు తెలుగున గొంతెత్తుటకెంత ధైర్యము కావలెను! పుస్తకమును రెండుమారులు చదివి, అంచులలో గుఱుతులు పెట్టుకొని వచ్చిన యామె నోరు మెదపక మరలును. అట్టయైనను చూడనివాడు చక్కని యాంగ్లమున దీర్ఘోపన్యాసమొకటి చేసి, దానికి ప్రశ్నయని పేరుపెట్టును.

తెలుగు సభలు లేకపోలేదు. కాని యీ నగరమున తెలుగు అతిథి కాదు. రాజాదరణము లేని కాలముననే, 1901లో, శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయమును స్థాపించి చదువరులకు చోటు చూపినవా రిచ్చటివారే. 1934లో సురవరము ప్రతాపరెడ్డిగారు గోలకొండ కవుల సంచికలో 354 మంది కవులను చేర్చి, తెలంగాణమున కవులే లేరన్న నిందకు బదులు చెప్పిరి. నేడు లేరనబడుచున్నది కవులు కాదు, చదువరులు. ఈ నింద కెవరు బదులు చెప్పవలెను?

ఉత్సవమున చర్చింపబడు పుస్తకముల పట్టికను రెండునెలలు ముందుగా ప్రకటింపవచ్చును. ఆస్తిపన్నుతో బాటు రూపాయి కెనిమిది పైసల చొప్పున గ్రంథాలయపు పన్నును గృహస్థులు చెల్లించుచునే యున్నారు. ఆ పుస్తకములు శాఖా గ్రంథాలయములకు చేరిన, ఉప్పలు, నాచారము వైపు వారును చదివియే రాగలరు. దినమున కొక్క సభనైన చదివివచ్చినవారికి విడిచి, రచయిత వినవలెను. తెలుగు ప్రశ్నను తెలుగుననే స్వీకరించి, తెలియనివారికి మఱియొకరు అనువదించి చెప్పవలెను. పరదేశపు కవికి దుబాసిని కుదుర్చు చోట నిది కష్టసాధ్యము కాదు.

రచయిత చేవ్రాలుకై వరుసలో నిలుచుట తప్పు గాదు. ఆ చేవ్రాలు పడిన పుస్తకమును ఫిబ్రవరి మాసమున పీర్జాదిగూడలో నెవ్వరైన తెఱచిరా యని నిర్వాహకులు మఱుసటియేట వాకిటనే యడిగి చూడవచ్చును.