బిష్టుపూర్ పెనం
జంషెడ్‌పూర్ కార్ఖానాలో తొలి ఉక్కు 1912లో తయారైంది. అక్కడి కొలువుల కోసం శ్రీకాకుళం, విశాఖ వైపు నుంచి వెళ్లినవాళ్లు ఆ ఊరి బిష్టుపూర్ పేటలో రామమందిరం కట్టుకున్నారు. ఇడ్లీ, దోసెలనూ వదల్లేదు.

అక్కడ దోసె బండి నడిపేవాడి పనితనం తక్కువది కాదు. మన కోస్తాలో పిండి రాత్రికి రాత్రే పొంగుతుంది. అక్కడ డిసెంబరు చలికి మొండికేస్తుంది. గోరువెచ్చని నీళ్లతో రుబ్బి, గిన్నెకు గుడ్డ చుట్టి, పొయ్యి వారన పెట్టాల్సిందే. ఇక పెనం. నీళ్లు చిలకరిస్తే చుయ్‌మని వచ్చే చప్పుడును బట్టే వేడి తెలుసుకోవాలి. మరీ కాలితే పిండి పరుచుకోదు, గరిటెకే అంటుకొచ్చేస్తుంది. ఉల్లిపాయ చెక్కతో నూనె రాసి, గరిటె అడుగుతో నడిమి నుంచి అంచు దాకా ఒకే ఊపున తిప్పుతాడు. అంచు లేచిందా, అట్లకాడ దూరుతుంది.

బియ్యం, శనగపప్పు రుబ్బి నూనెలో వేయించే ధుస్కా జార్ఖండ్ సొంత వంట. అందుకే రుబ్బిన పిండి రుచి అక్కడివాళ్లకు కొత్తేమీ కాదు. పనీరు కూరినదాన్ని మాత్రం నేను దోసె అనను. అయినా గిరాకీ అడిగింది వేయాలిగా!